ఎండ మనకు కొత్తా అనుకుని వచ్చాను

అక్కా,

మాది కురిచేడు. ఆర్మీలో జవానుని. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ సూడాన్ వచ్చి ఇంకా రెండు వారాలు నిండలేదు. అంతకుముందు సిక్కింలో మంచులో ఉన్నాం. ఆ తర్వాత ఢిల్లీ చలిలో ట్రైనింగ్. ఇక్కడి ఎండల గురించి విని మా సెక్షన్‌లో గఢ్వాల్ కుర్రాళ్ళు బెదిరిపోయారు. "మా ఊరి రోహిణి కార్తె ముందు ఇదెంత" అని వాళ్ళకు ధైర్యం చెప్పింది నేనే. ఇప్పుడు అందరికంటే ముందు వాడిపోయిందీ నేనే.

బులెట్‌ప్రూఫ్ జాకెట్, హెల్మెట్ పెట్టుకుని పెట్రోలింగ్‌కి బయల్దేరితే గంట తిరక్కముందే తల దిమ్మెక్కుతోంది. మొన్న బండి దిగుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. లంగర్‌లో పెట్టే రొట్టె సయించడం లేదు. నీళ్ళు మాత్రం సీసాల మీద సీసాలు తాగుతున్నాను. రాత్రి దోమతెరలో ఉక్క, కన్ను మూతపడితే పీడకలలు. ఎంఐ రూమ్‌కి, అంటే మా డాక్టరు దగ్గరికి, వెళ్తే "ఆంధ్రావాడివి, నీకు ఎండేంట్రా" అంటారని సిగ్గు. డ్యూటీ దిగి ఫోన్ చేసేసరికి అమ్మ నిద్రలో ఉంటుంది. "ఎండలు ఎట్టా ఉండాయి నాయనా" అంటే బాగానే ఉన్నాయని పెట్టేస్తున్నాను. ఏడాది ఎలా గడుస్తుందో తెలియడం లేదు. వెనక్కి పంపమని అడగనా?

- ఒక జవాను

తమ్ముడూ,

ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదని నీకు విడిగా కూడా రాశాను. ముందు ఎంఐ రూమ్‌కి వెళ్ళు. కళ్ళు బైర్లు కమ్మింది, తిండి సయించనిది, నిద్ర పట్టనిది ఏదీ దాచకుండా డాక్టరు సాబ్‌కి చెప్పు. ఎవరేమన్నా అననీ.

నువ్వు కురిచేడు ఎండలో పెరిగిన మాట నిజమే. కానీ ఎండ అలవాటు ఒంట్లో శాశ్వతంగా ఉండిపోదు. రోజూ వేడిలో పనిచేస్తుంటే ఒకటి రెండు వారాల్లో వస్తుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, దాంతోపాటు పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. చల్లటిచోట కొన్ని వారాలుంటే ఆ అలవాటంతా పోతుంది. అంటే విమానం దిగిన రోజున నువ్వూ, ఆ గఢ్వాల్ కుర్రాళ్ళూ ఒకటే. వాళ్ళు భయంతో ఆచితూచి అడుగేశారు, నువ్వు ధీమాతో మొదటిరోజే ఎండకు ఎదురెళ్ళావు. వేడిలో పనికి కొత్తగా చేరేవాళ్ళకు మొదటిరోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో అయిదో వంతు పెంచుతూ పొమ్మంటారు వైద్యులు. కొన్నాళ్ళపాటు నీ డ్యూటీని అలా సర్దమని డాక్టరు చెబితే మీ సుబేదార్ సాబ్ కాదనరు.

ఇంకొకటి కూడా గుర్తు తెచ్చుకో. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం పొలంలో ఎవరుంటారు? కరువు పనికి పోయేవాళ్ళు తెల్లారకముందే పార, తట్ట పట్టుకుని బయల్దేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా ఊరంతా వేపచెట్ల కిందా, పంచల్లోనే. మనవాళ్ళు ఎండను ఓర్చుకునేదానికంటే తప్పించుకునేదే ఎక్కువ. నీకు ఆ వీలు లేదు. పైగా చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది, జాకెట్ దాన్ని ఆరనివ్వదు. 2024 మార్చిలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుందని దక్షిణ సూడాన్ ప్రభుత్వం దేశంలో బడులన్నీ మూయించింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలను కూడా కాపాడుకోవాల్సిన ఎండ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వైపు వెళ్ళిన బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఎండదెబ్బ తగిలినవాళ్ళ కోసం ఐసు గడ్డలతో ప్రత్యేక వైద్య శిబిరాలే నడపాల్సొచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

నన్ను బాగా భయపెట్టింది నువ్వు మామూలుగా రాసేసిన మాట. తిండి సయించడం లేదు, నీళ్ళు మాత్రం సీసాల మీద సీసాలు. చెమటలో పోయిన ఉప్పు తిండితో తిరిగి రావాలి. అది రాకుండా వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మగత, ముదిరితే ఫిట్స్. ఎండలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు చాలు, గంటకు లీటరున్నర ఎప్పుడూ మించకూడదు. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎంఐ రూమ్‌లో అడుగు. లంగర్‌లో రొట్టె బదులు అన్నం, పప్పు పెట్టించుకో. పెరుగు దొరికితే ఉప్పేసి పలచగా మజ్జిగ చేసుకో. అమ్మ గోంగూర పచ్చడి కట్టిచ్చే ఉంటుంది, సెలవు దాకా దాచుకోకుండా అన్నంలో కలుపుకుని తిను, ఆ ఉప్పూ కారంతో నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టే.

పీడకలలకు కారణం ఎండ కాకపోవచ్చు. మలేరియా రాకుండా ఇచ్చే మాత్రల్లో మెఫ్లోక్విన్ అనేదుంది. దాంతో కొందరికి నిద్ర చెడుతుంది, పీడకలలొస్తాయి, మనసు దిగులుగా ఉంటుంది, తల తిరుగుతుంది కూడా. డాక్సీసైక్లిన్ అయితే పరగడుపున వేసుకున్నవాళ్ళకు కడుపులో తిప్పుతుంది, ఎండకు చర్మం కమిలిపోతుంది. నీకు ఇస్తున్నది ఏదో కనుక్కో. అంతేగానీ నీ అంతట నువ్వు మానేయకు, అక్కడి మలేరియా ప్రాణాల మీదికి తెస్తుంది. మాత్ర మార్చాలో లేదో డాక్టరు తేల్చాలి. జలుబుకనో, దురదకనో వేరే మాత్రలు వేసుకుంటుంటే అవీ చెప్పు. వాటిలో కొన్ని చెమట పట్టనివ్వవు.

పెట్రోలింగ్‌లో నీ జోడీ జవానుతో ఒక ఒప్పందం చేసుకో. ఎవరికైనా మాట తడబడినా, అడుగు తూలినా, అర్థంలేకుండా కోప్పడినా రెండోవాడు వెంటనే ఆపాలి. జాకెట్ విప్పి, నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూనే రేడియోలో డాక్టరుకు కబురు పెట్టాలి. చెమట పడుతోంది కదా, ఎండదెబ్బ కాదులే అనుకోవద్దు. బరువు మోస్తూ పడిపోయినవాళ్ళకు చెమట పడుతూనే ఉంటుంది.

వెనక్కి పంపమని ఇప్పుడే అడగకు. ముందు ఒంటికి గడువివ్వు, ఆ తర్వాత కూడా ఇలాగే ఉంటే డాక్టరే చెబుతారు. మే నుంచి అక్కడ వానలు. ఎండ తగ్గుతుంది గానీ మన నల్లరేగడిలాంటి నేలే కాబట్టి దారులన్నీ బురదలో మూసుకుపోతాయి, దోమలు పెరుగుతాయి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకునే అలవాటు ఇప్పుడే చేసుకో.

అమ్మ సంగతికొస్తే, అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా. నువ్వు రాత్రి ఏడింటికి డ్యూటీ దిగితే కురిచేడులో పదిన్నర. మధ్యాహ్నం భోజనాల వేళ ఒంటిగంటకు చెయ్యి, ఇక్కడ నాలుగున్నర, అమ్మ తీరిగ్గా ఉంటుంది. మీ క్యాంపు ఎక్కడ, ఎటు వెళ్తున్నారు అనేవి చెప్పకూడదు సరే. ఎండ గట్టిగా ఉందనీ, డాక్టరుకు చూపించుకున్నాననీ చెప్పొచ్చు. నీ గొంతులో ఏదో తేడా ఉందని ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఏడాది తర్వాత ఇంటికొచ్చాక కూడా మలేరియా మాత్ర డాక్టరు చెప్పినన్నాళ్ళూ వేసుకో. నీకు ఇస్తున్నది మెఫ్లోక్విన్, డాక్సీసైక్లిన్‌లలో ఏదైనా సరే, మరో నాలుగు వారాలు తప్పవు. సెలవులో జ్వరం తగిలితే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకోకు. ఆసుపత్రికి వెళ్ళి, దక్షిణ సూడాన్ నుంచి వచ్చానని ముందే చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో.

- మీ అక్క