సంక్రాంతికి అడవి అంచున

మారండహళ్ళి, తమిళనాడు

పాపా,

నీ జాబు అందింది. సంక్రాంతి సెలవులకు నువ్వు, పిల్లోడు, మీ అత్తమ్మ కలిసి వస్తామని రాసినావు, సంతోషం. కొండలెక్కే నడకలు వద్దు, మీ అత్తమ్మ మోకాళ్ళకూ ఆరేండ్ల పిల్లోడి కాళ్ళకూ సరిపడే అడవి దారులు చెప్పమన్నావు. ఏనుగుల సినిమా చూసినప్పటి నుంచి వాడు ఏనుగును చూపించమని పట్టు పడుతున్నాడని కూడా రాసినావు. మొదట ఆ సంగతే చెప్తాను. తక్కిన దారులన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

పాపా, ఏనుగును చూడాలని బయలుదేరే నడక మన పక్క వద్దు. నువ్వు వచ్చేది సంక్రాంతికి. రాగులు కంకి పట్టే కాలం నుంచి కోతలు, నూర్పిళ్ళు ముగిసేదాకా బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు దెంకణికోట అడవుల మీదుగా దిగి వస్తాయి. పగలు అడవిలో ఉంటాయి, పొద్దు వాలినాక చేలల్లోకి వస్తాయి. ఒక్కొక్క ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైగా మేత కావాలి. రైతు ఆర్నెల్ల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. రైతుకు కోపం రావడం న్యాయమే, ఏనుగు ఆకలీ న్యాయమే. ఈ రెంటి నడుమ 2023 మార్చిలో మన మారండహళ్ళి పక్కనే ఏం జరిగిందో నీకు గుర్తుండాలి. చేను చుట్టూ దొంగతనంగా కరెంటు పెట్టిన తీగ తగిలి ఒకే రాత్రి మూడు ఏనుగులు చచ్చిపోయినాయి. రెండు పిల్లలు బతికినాయి. అవి ఆ పెద్ద ఏనుగుల చుట్టే తిరుగుతూ నిలబడిపోయినాయి. ఆ తర్వాత వారం తిరక్కుండానే నీ కొడుకు చూసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కు ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో రఘు అనే పిల్ల ఏనుగు ఉంది కదా, అది కూడా మన దెంకణికోట అడవుల్లో తల్లిని పోగొట్టుకున్న పిల్లే. దాన్ని 2017లో ముదుమలకు తీసుకుపోయినారు. ఈ మాట పిల్లోడికి నువ్వే చెప్పు. వాడు అడిగే ఏనుగు ఎక్కడిదో వాడికి తెలియాలి.

అందుకని మన నడక అడవి అంచున, జనం రోజూ తిరిగే దారుల్లో, తెల్లవారి వెలుతురు బాగా వచ్చినాక మొదలై ఎండ ముదిరేలోపల ముగియాలి. సాయంత్రం నడక ఎంత బాగున్నా వద్దు. చలికాలం పొద్దు తొందరగా వాలుతుంది, మనం ఇంటికి మళ్ళే వేళకు ఏనుగులు బయలుదేరుతాయి.

మొదటి రోజు ఊరి చేల నడుమనే నడుద్దాం. చెరువు కట్ట మీద పోయి, కొబ్బరి తోటల పక్కగా తిరిగి, టమాటా చేలు దాటి రావచ్చు. ఎత్తుపల్లాలు లేవు. మీ అత్తమ్మకు అలసట వస్తే ఎక్కడైనా మళ్ళుకోవచ్చు, అది చాలా ముఖ్యం. ముసలివాళ్ళతో నడిచేటప్పుడు ఎంత దూరం పోతామని కాదు, ఎక్కడెక్కడ వెనక్కి తిరగొచ్చో ముందే చూసి పెట్టుకోవాలి. నడక వేగం ఆమెదే కావాలి, నీది కాదు. పిల్లోడు ముందుకు పరుగెత్తుతాడు, వెనక్కి వస్తాడు, మళ్ళీ పరుగెత్తుతాడు. మనం ఒకసారి నడిచిన దారి వాడు రెండుసార్లు నడుస్తాడు, అది లెక్కలో పెట్టుకో. కోత అయిన రాగి చేలల్లో నెమళ్ళు, కౌజు పిట్టలు గింజలు ఏరుకుంటూ ఉంటాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడితే కదలకుండా నిలబడమను, అది ఎగిరినప్పుడు రెక్కల్లోని నీలం చూడాలి.

రెండో రోజు పంచపల్లి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే. మన చిన్నారు నదికి అక్కడ ఆనకట్ట ఉంది, దాని వెనకాల మేలగిరి కొండలు. ఈ నదే మన పక్క చేలకు నీళ్ళిచ్చి, చివరకు హొగేనకల్ దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆనకట్ట దాకా బండిలో పోయి, కిందివైపు కాలువ గట్టు వెంబడి నడుద్దాం. కాపలావాళ్ళు ఎక్కడిదాకా పోనిస్తే అక్కడిదాకానే. నీళ్ళ అంచుల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి, కొంగలు నిలబడి ఉంటాయి. జలాశయం వెనకవైపు, అడవి నీళ్ళను తాకే చోటికి మాత్రం పోవద్దు. అది మందలు నీళ్ళకు దిగే దారి.

పిల్లోడికి ఏనుగు కనబడకపోయినా ఏనుగు ఆనవాళ్ళు చూపిస్తాను. వాడికి ఒక పొడుగాటి దారం ఇచ్చి తీసుకురా. మెత్తటి నేలలో ముందుకాలి అడుగు దొరికితే దాని చుట్టూ దారం పెట్టి కొలిచి, ఆ కొలతను రెండింతలు చేస్తే ఏనుగు భుజం దాకా ఎత్తు దాదాపుగా తెలుస్తుంది. చెట్టు మానుకు ఏనుగు రాసిన బురద ఎంత ఎత్తున ఉందో చూస్తే ఆ లెక్క సరిపోయిందో లేదో వాడే చెప్తాడు. లద్దె ఎండి, పేడపురుగులు తొలిచేసి ఉంటే దగ్గరికి పోయి అందులో ఏ గింజలు ఉన్నాయో చూడొచ్చు. తడిగా, పచ్చిగా ఉంటే చూడడం లేదు, మాట్లాడడం లేదు, వచ్చిన దారినే వెనక్కి. ఇలా ఆనవాళ్ళు చదివిన కెన్నెత్ ఆండర్సన్ అని బెంగళూరు వేటగాడు ఉండేవాడు. 1954లో అచ్చయిన ఆయన పుస్తకంలోని జౌళగిరి పులి, పనపట్టి ఏనుగు కథలు మన చుట్టుపక్కల అడవుల్లోవే. వేట నాకు గిట్టదు, కానీ ఆయన నేలను చదివిన తీరు గొప్పది. రైల్లో వచ్చేటప్పుడు చదువుకో.

ఇక అడవి లోపలి సంగతి. మన పడమటి కొండల్లో 504 చదరపు కిలోమీటర్ల అడవిని 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినారు. 2022లో దాన్ని ఆనుకుని 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చింది. దాంతో ఈ అడవి కర్ణాటక వైపు కావేరి అభయారణ్యంతో కలిసి, ఏనుగులకు తెగని దారి అయింది. అనుమతి లేకుండా లోపలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ‘మాకు దారి తెలుసు, గుట్టుగా తీసుకుపోతాం’ అని ఎవరన్నా అంటే వినొద్దు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు పోయినవాళ్ళ చుట్టూ కార్చిచ్చు అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయినారు. ఎండిన గడ్డిలో నిప్పు మనిషి పరుగు కన్నా వేగంగా వస్తుంది. ఆ తర్వాతే తమిళనాడులో అడవి నడకలకు గట్టి నియమాలు వచ్చినాయి. 2024 అక్టోబరు నుంచి ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో అటవీశాఖే 40 దారులు తెరిచింది. ముందుగా పేర్లు రాయించుకుంటే, అడవి పక్క ఊళ్ళ మనుషులే శిక్షణ పొంది వెంట వస్తారు. మనకు దగ్గరలో దెంకణికోట పక్క ఐయూరు నుంచి సామి ఏరి దాకా ఒకటి, గుత్తిరాయన్ శిఖరానికి ఒకటి ఉన్నాయి. శిఖరం మాట మీ అత్తమ్మ దగ్గర ఎత్తొద్దు. ఐయూరు దారికి నువ్వొక్కదానివే పోయిరా, ఆ పూట పిల్లోడినీ ఆమెనూ నేను చూసుకుంటాను. నీకు కూడా ఎవరినీ కనిపెట్టుకోనక్కర లేకుండా నడిచే పూట ఒకటి కావాలి. నీ జాబులో ఆ మాట లేకపోయినా నాకు అర్థమైంది.

చివరి రోజు ఓపిక ఉంటే హొగేనకల్ పోదాం. జలపాతం దగ్గరి గుంపులో కాదు, కాస్త పక్కకు, ఏరుమద్ది చెట్ల నీడన కూర్చుందాం. ఈ నదీతీరపు కొమ్మల్లోనే నెరిసిన తోక పెద్ద ఉడుత గూడు కడుతుంది. మన దేశంలో అది ఉండే చోట్లు చాలా తక్కువ. నీటికుక్కలు కనబడితే అదృష్టం. నీళ్ళలో మాత్రం కాలు పెట్టనివ్వొద్దు, కావేరిలో మొసళ్ళు ఉన్నాయి.

ఇక బట్టల సంగతి. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు తెచ్చుకోండి, తెల్లవీ మెరిసేవీ వద్దు. సెంటు పూసుకోవద్దు. ఏనుగు చూపు మందం కానీ వాసన దానికి చాలా దూరం నుంచి తెలుస్తుంది. ముగ్గురికీ కాళ్ళు మూసే బూట్లు, నిండు ప్యాంట్లు ఉండాలి. గడ్డిలో పిడుదులు ఉంటాయి, రాళ్ళ సందుల్లో రక్తపింజరి ఉంటుంది. మీ అత్తమ్మకు రబ్బరు మొన ఉన్న ఊతకర్ర కొను, ఆమె వద్దన్నా కొను. మీ కుక్కను తీసుకురావద్దు. ఏనుగును చూసి మొరిగి, బెదిరితే అది పరుగెత్తుకొచ్చేది నీ దగ్గరికే, వెనకాల ఏనుగును తోడు తెస్తుంది.

హోసూరు, రాయకోట దాటినాక మన స్టేషనులో ఆగే రైలు చూసుకుని టికెట్ తీసుకో. బస్సులో మీ అత్తమ్మ మోకాళ్ళు పట్టేస్తాయి. ఏ రోజు దిగుతావో ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. ఐయూరు నడకకు నీ పేరు ముందే రాయించాలి, సంక్రాంతి రోజుల్లో చోటు తొందరగా నిండిపోతుంది.

మీ పెద్దనాయన