వేడి పొగగొట్టముపై జోడు మచ్చలు

ఎస్.ఆర్. నగరు నుండి అమీర్‌పేటకు 2017లోను, అచటినుండి పంజగుట్టకు 2018లోను మెట్రో రైలు వచ్చెను. అయినను ఆ వంతెన క్రింది బాటపై మోటారు సైకిళ్లకు కొదువ లేదు. ఎఱ్ఱదీపము వెలిగినప్పుడెల్ల నడుపువాడు కాలు నేల మోపును. పచ్చదీపము వెలుగగానే పైకి తీయును. అప్పుడు జోడు మడమ పొగగొట్టమును తాకినచో నల్లని మచ్చ యంటుకొనును. అది గుడ్డతో ఎంత తుడిచినను పోదు. ఆ మచ్చ యేల కలుగును? దానిని నివారించుట యెట్లు?

పెట్రోలు మండగా పుట్టిన వాయువులు పొగగొట్టము ద్వారా వెలికి పోవును. కావున యంత్రమునకు చేరువనున్న వంపు 200 డిగ్రీల సెల్సియసును మించి కాగును. వెనుకకు పోవుకొలది వేడి తగ్గును.

తోలు కరగదు, మాడును. గంధకముతో కాచి రబ్బరును గట్టిపఱచు విధానమును 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. అట్టి రబ్బరు కూడ మిక్కిలి వేడికి చెడి జిగురగును. నేటి తేలిక చెప్పుల అడుగులలో కొన్ని నీరు మరుగు వేడికి లోపలనే మెత్తబడును. పాలియెస్టరు బట్ట సుమారు 255 డిగ్రీలకు కరగును. ఇట్లు అంటిన పదార్థము లోహముపైననే మాడి బొగ్గువలె గట్టిపడును. అందుచేతనే అది తుడుపునకు లొంగదు.

నివారణోపాయములు నాలుగు. మొదటిది, పాదము పాదపీఠముపై నిలిపి మడమను లోనికి త్రిప్పకుండుట. రెండవది, గొట్టమునకు ఎడముగా రేకు కవచము బిగించుట. నడుమనున్న గాలి వేడిని సులభముగా పోనీయదు. మూడవది, వానకోటు అంచును, వ్రేలాడు బట్టను పైకి చెక్కుకొనుట. నాలుగవది, ఎడమవైపు నుండి ఎక్కి దిగుట. మన దేశపు మోటారు సైకిళ్లలో పెక్కింటికి గొట్టము కుడివైపున నుండును.

మచ్చ పడినచో గొట్టము పూర్తిగా చల్లారువఱకు ఆగవలెను. క్రోమియము పూత గల గొట్టమును తడిపిన అల్యూమినియము రేకుతో మెల్లగా రుద్దవచ్చును. ఆ రేకు పూతకంటె మెత్తనిది. గరుకు కాగితము పూతను గీయును గనుక వాడరాదు.

మచ్చ పడిన చోటు మనకొక హెచ్చరిక. జోడును కరగించిన వేడి చర్మమును విడుచునా? 60 డిగ్రీల నీరే కొలది సెకన్లలో లోతుగా కాల్చును. వెనుక కూర్చుండు పిల్లల పిక్కలకు జోడు అడ్డము కూడ లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వది వెనుకవారికి చేతిపట్టును, పాదపీఠమును ఉండవలెనని విధించుచున్నది. పాదపీఠమున్నను చిన్నవాని కాలు దానికి అందనిచో ఏమి లాభము?

కాలినచో వెంటనే 20 నిమిషములు చల్లని పాఱునీటి క్రింద ఉంచవలెను. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు పెట్టరాదు. పొక్కులు చిదుపరాదు. పొక్కులు లేచినను, గాయము పెద్దదైనను వైద్యుని చూడవలెను.

విద్యార్థులారా! నేటి సాయంకాలము మీ యింటి వాహనము చల్లారిన పిమ్మట మీ తమ్మునినో చెల్లెలినో దానిపై కూర్చుండబెట్టి, పాదము ఎచటికి అందునో చూడుడు. అది గొట్టము ప్రక్కన వ్రేలాడినచో ఆ సంగతి తండ్రిగారితో చెప్పుడు. ఈ పాఠమునకు మేము కోరు అభ్యాసము ఇంతియే.