బొమ్మ వేసే చెయ్యే బడిని నడిపితే

వార్షికోత్సవం దగ్గర పడగానే మన హాస్టల్‌లో స్టేజీ బ్యానరు రాసేవాళ్ల కోసం, గోడలకు బొమ్మలు వేసేవాళ్ల కోసం వెతుకుతాం. పండుగ కాగానే "బొమ్మలు కూడు పెడతాయా? చదువుకో" అంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

చిత్రకళ కూడా విశ్వవిద్యాలయంలో చదివే చదువే. దానికీ ప్రొఫెసర్లు, శాఖాధిపతులు, డీన్‌లు ఉంటారు. వారిలో చాలామంది స్వయంగా కళాకారులే.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్‌ను ప్రారంభించారు. దానిని చిత్రకారుడు నందలాల్ బోస్ చాలాకాలం నడిపించారు. మన రాజ్యాంగం మూలప్రతిలోని పుటలను అలంకరించింది ఆయన, ఆయన శిష్యులే. బంకురాలోని పేద క్షురక కుటుంబంలో పుట్టిన రామ్‌కింకర్ బైజ్ 1925లో అక్కడికి విద్యార్థిగా వచ్చి, తరువాత శిల్పశాఖకు అధిపతి అయ్యారు. 1938లో ఆయన చేసిన 'సంతాల్ కుటుంబం' శిల్పం కంచుతోనో పాలరాతితోనో చేసింది కాదు. సిమెంటు, కంకరలతో చేసింది.

వీరి దగ్గర చదువుకున్న కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, 1968 నుండి 1974 వరకు లలితకళల విభాగానికి డీన్‌గా ఉన్నారు. ఆయన దగ్గరకు 1963లో మెదక్ జిల్లా నిజాంపూర్ నుండి ఒక యువకుడు వెళ్ళారు. ఆయనే కె. లక్ష్మాగౌడ్. తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పి, డీన్‌గానూ పనిచేశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక దీపం నుండి మరో దీపం వెలిగించినట్లు గురువు నుండి శిష్యునికి విద్య అందింది.

కళాకారుడే అధికారి ఎందుకు కావాలి? మట్టి ఎప్పుడు ఆరుతుందో, రంగుకు ఎంత సమయం పడుతుందో పని చేసినవారికే తెలుసు. గంట కొట్టగానే ఆగే పని కాదది. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునే చదువూ కాదు. టైంటేబులు వేసేవారికి, సామాన్లు కొనేవారికి ఈ సంగతి తెలియకపోతే నష్టపోయేది విద్యార్థే. అయితే ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ కూర్చుంటే కుంచె పట్టే సమయం తగ్గిపోతుంది. ఆ కష్టాన్ని భరించిన పెద్దల వల్లనే పల్లెటూరి పిల్లలకు ఈ దారి దొరికింది.

మిత్రులారా! ఇంటర్ తరువాత నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. చదవవచ్చు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. బొమ్మలు వేసే మన తోటివారిని ఇకపై ఎగతాళి చేయవద్దు. వారి బొమ్మలను పారేయకుండా దాచిపెడదాం. రేపటి డీన్ మన పక్క మంచంలోనే నిద్రపోతున్నాడేమో!