షేర్ ఆటో, క్యాబ్ ప్రయాణికులకు ప్రమాద పరిహారం

రాచర్ల నుంచి బెంగళూరుకో హైదరాబాద్‌కో పనికి వెళ్లిన మనిషి అక్కడ క్యాబ్ ప్రమాదంలో గాయపడితే, పరిహారం కోసం ఆ నగర కోర్టు చుట్టూనే తిరగాలా? అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 ప్రకారం బాధితుడు తాను నివసించే ప్రాంతపు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లోనే దావా వేయవచ్చు. దూరాభారం మోయలేని పేదవాడికి ఇది పెద్ద ఊరట. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపే దరఖాస్తు చేయాలన్న నిబంధన 2019 సవరణతో వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

తప్పెవరిదో రుజువు చేయకుండానే సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు. గుద్ది పారిపోయిన వాహనమైతే సెక్షన్ 161: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. ఈ రెండు సెక్షన్లనూ తారుమారు చేసుకోవద్దు, జాగ్రత్త.

రెండు వాహనాలు ఢీకొని, ఇద్దరు డ్రైవర్లదీ తప్పయితే? ప్రయాణికుడు ఎవరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని ఖెనేయి కేసులో (2015) సుప్రీంకోర్టు చెప్పింది.

రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ (2011) తీర్పు బాగా చదవాలి. డాక్టరు రాసిన వైకల్య శాతం ఒక్కటే లెక్క కాదు, దానివల్ల సంపాదన ఎంత పోయిందో చూడాలి. చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు. మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చే కూలీకి బతుకుతెరువే పోతుంది.

ట్రిబ్యునల్ తీర్పుపై 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు: సెక్షన్ 173.