గురువుగారు లేని ఆదివారం



మీ విచారణ ఆధ్యాత్మికంగా ఆరోగ్యంగా ఉన్నదా అని ఎవరైనా అడిగితే మనం ఏమి చెబుతాం? చాలామందిమి గుడి పండుగ సంగతి ఎత్తుకుంటాం. నవదిన ప్రార్థనలకు ఎంత జనం వచ్చిందీ, తేరు ఎంత బాగా అలంకరించిందీ, క్రిస్మస్ రాత్రి గుడి చాలక బయట షామియానా వేయవలసి వచ్చిందీ చెబుతాం. కొత్త గుడి కట్టుకున్నవారైతే గోపురం ఎత్తు కూడా చెబుతారు. ఇవన్నీ సంతోషించదగిన విషయాలే. కాని విజయనగరం వాళ్లకు జనం కూడడం వింత కాదు గదా! దసరా వెళ్లిన మంగళవారం, సిరిమాను నాడు, మూడు లాంతర్ల దగ్గర నిలబడినవారిని అడగండి. పండుగ అంటే జనం వస్తారు. ఆ జనాన్ని చూసి మన సమాజం బలంగా ఉన్నదని చెప్పడం, పట్టుచీర చూసి ఆమెకు రక్తహీనత లేదని చెప్పడం వంటిది.

దర్శన గ్రంథంలో ప్రభువు ఏడు సంఘాలకు ఏడు లేఖలు వ్రాయిస్తాడు. వాటిలో సార్దిస్ సంఘానికి వ్రాసినది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంఘానికి సజీవమైనదని పేరు ఉన్నది, కాని అది మృతమైనదని ప్రభువు తీర్పు (దర్శన 3:1). లవొదికయ తాను ధనవంతురాలినని అనుకుంటున్నది, ప్రభువు దృష్టిలో అది దిగంబరి. స్ముర్నా పేదది, ప్రభువు దృష్టిలో అదే ధనవంతురాలు. అంటే బయటివారు ఇచ్చే పేరూ, మనకు మనం ఇచ్చుకునే పేరూ, రెండూ తప్పు కావచ్చు.

మరి దేనిని చూడాలి? మీ విచారణలో గురువుగారు లేని ఆదివారాన్ని చూడండి అంటాను.

మన ఉత్తరాంధ్రలో ఈ పరీక్ష పెట్టడానికి ఎక్కడికో పోనక్కరలేదు. విచారణ కేంద్రం ఒక పట్నంలో ఉంటుంది. దాని కింద పల్లెలు చెదరి ఉంటాయి, కొన్ని కొండల మొదట్లోనో, బస్సు ఆగని చోటనో. ఆ పల్లెల్లో పూజ అన్ని ఆదివారాలూ జరగదు. గురువుగారు వచ్చే ఆదివారం అందరూ స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టి వస్తారు. రాని ఆదివారం? కొన్ని ఊళ్లలో గంట మోగుతుంది. ఉపదేశిగారో, ఒక పెద్దమ్మో ముందు కూర్చుంటారు, పఠనాలు చదువుతారు, పిల్లలు పాట ఎత్తుకుంటారు, జబ్బుతో ఉన్నవారి పేర్లు చెప్పి ప్రార్థిస్తారు. మరికొన్ని ఊళ్లలో గుడికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో కూడా ఎవరికీ తెలియదు. రెండు ఊళ్లలోనూ జ్ఞానస్నానాల రిజిస్టరులో పేర్లు ఒకే సంఖ్యలో ఉండవచ్చు. ఆరోగ్యం మాత్రం ఒకటి కాదు.

పౌలు మహర్షి ఫిలిప్పీయులను సరిగ్గా ఈ మాటే అడిగాడు. నేను మీ మధ్య ఉన్నప్పుడు మాత్రమే కాదు, దూరంగా ఉన్న ఈ సమయంలో మరింతగా మీ రక్షణ కొరకు శ్రమించండి అన్నాడు (ఫిలిప్పీ 2:12). ఆయన పద్ధతే అది. ఒక ఊరిలో కొన్నాళ్లు బోధించి, పెద్దలను నియమించి, ప్రార్థించి, వారిని ప్రభువుకు అప్పగించి ముందుకు సాగిపోయేవాడు (అ.కా. 14:23). పౌలు వెళ్లిన మర్నాడు ఆ సంఘం నిలిచిందా లేదా అన్నదే ఆయన పనికి పరీక్ష.

మన ప్రాంతపు శ్రీసభ పుట్టిందీ ఇలాగే. ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండల వైపున ఉన్న అన్సీ పట్టణంలో ఫాదర్ పీటర్ మెర్మియే గారు 1838లో స్థాపించిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నంలో దిగారు. మూడేళ్లకు, 1849లో, అన్సీ నుండే పునీత జోజప్ప సభ సిస్టర్లు వచ్చారు. ఆ రోజుల్లో విశాఖ మిషన్ అంటే ఈనాటి విశాఖ కాదు. ఇటు ఒరిస్సా, అటు నాగపురం దాకా దాని కిందే ఉండేవి. నాగపురం 1887లో గాని వేరే మేత్రాసనం కాలేదు. వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది గురువులు, ఎడ్లబండి ప్రయాణం, మన్యం జ్వరాలు. ఒక ఊరికి మళ్లీ ఎప్పుడు వస్తారో వారికే తెలియదు. ఆ మధ్యకాలమంతా విశ్వాసాన్ని నిలబెట్టినది ఎవరు? పిల్లలకు సిలువ గుర్తు వేయడం నేర్పిన తల్లులు, పరలోక జపం నోటికి వచ్చిన ముసలివారు, ఊరూరా నడిచిన ఉపదేశులు. 1993లో విశాఖ నుండి శ్రీకాకుళం మేత్రాసనం విడివడి ఏర్పడిందంటే ఆ పునాది చాలామటుకు పేరు తెలియని ఆ మనుషులదే.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే జపాను దేశం చూడండి. 1614లో అక్కడ క్రైస్తవ మతాన్ని నిషేధించారు. గురువులను చంపారు, తరిమారు. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు పైగా ఆ విశ్వాసులకు పూజ లేదు, పాపసంకీర్తనం లేదు. ఊరిలో ఒకరు పండుగల లెక్క చూసేవారు, ఒకరు బిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చేవారు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన గుడికి పది పదిహేను మంది పల్లెవాసులు వచ్చి, ఫాదర్ పెతీజాన్ గారి దగ్గరకు మెల్లగా చేరి, మీ మనసూ మా మనసూ ఒకటేనని చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడ ఉన్నదని అడిగారు. ఆయన నివ్వెరపోయాడు. ఏడు తరాల పాటు గురువు ముఖం చూడని సమాజం బ్రతికే ఉన్నది!

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు. గురువు లేకపోయినా పరవాలేదన్నమాటా? పూజ అక్కరలేదా? అలా కాదు. దివ్యసత్ప్రసాదం క్రైస్తవ జీవితానికి ఊట, శిఖరం అని రెండవ వాటికన్ మహాసభ 1964లో బోధించింది. నాగసాకి వారు గుడి వెదుక్కుంటూ వచ్చింది ఆ ఆకలితోనే. ఆకలి వేయడం ఆరోగ్య లక్షణం. నెలకొకసారి వచ్చే పూజ ఒక నెల తప్పినా ఎవరికీ లోటు అనిపించకపోతే ఆ ఊరికి నిజంగా జబ్బు చేసినట్లే. అందుకే శ్రీసభ చట్టం, గురువు లేక పూజకు వెళ్లడం సాధ్యం కానప్పుడు, వాక్య ఆరాధనలో గాని కుటుంబ ప్రార్థనలో గాని పాల్గొనమని గట్టిగా సిఫారసు చేస్తున్నది (చట్టం 1248). అటువంటి ఆదివారపు ఆరాధన ఎలా నడపాలో 1988లో రోము నుండి ప్రత్యేకంగా నియమాలు కూడా వచ్చాయి. అది పూజకు బదులు కాదనీ, పూజ కోసం ఎదురుచూసే ప్రార్థన అనీ ఆ నియమాల సారం. ఇక ఉపదేశి పనిని 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు శ్రీసభలో ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. అంత గౌరవం పోపుగారు ఇచ్చిన మనిషికి మన విచారణ నెలకు ఎంత ఇస్తున్నదో, పండుగ నాటి సీరియల్ లైట్లకు ఎంత ఇస్తున్నదో ఒకసారి పక్కపక్కన వ్రాసి చూడండి. నేను వేరే వ్యాఖ్యానం చేయను.

2020లో ఈ పరీక్ష మనందరికీ ఒకేసారి వచ్చింది. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. మ్రానికొమ్మల ఆదివారం లేదు, ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగకు గుడి తలుపులు మూసే ఉన్నాయి. పట్నాల్లో గురువుగారి పూజను సెల్‌ఫోనులో చూశాం. కాని ఫోను ఆపిన తరువాత ఆ ఇంటిలో జపమాల సాగిందా? బైబులు తెరిచారా? తండ్రి పిల్లల ముందు మోకరించాడా? అప్పుడు మొదలుపెట్టిన కుటుంబ ప్రార్థనను ఇప్పటికీ విడవని ఇళ్లు ఉన్నాయి. గుడి తెరవగానే గుడితో పాటు దేవుణ్ణి కూడా మళ్లీ గుడికే పంపేసిన ఇళ్లూ ఉన్నాయి. మీ ఇల్లు ఏదో మీకు తెలుసు.

గురువుగారు లేకపోవడం అంటే బదిలీ కూడా. ఒక గురువుగారు వెళ్లి మరొకరు వచ్చేటప్పుడు విచారణ లోపలి రంగు బయటపడుతుంది. పాత ఫాదర్‌గారి మనుషులు కొందరు, కొత్త ఫాదర్‌గారి మనుషులు కొందరు. పాటల బృందం అలిగి కూర్చుంటుంది, కమిటీ పెద్ద తాళాలు ఇవ్వడు. కొరింతులో నేను పౌలు వాడను, నేను అపొల్లో వాడను అని చీలినవారిని పౌలు ఇంకా పాలు త్రాగే పసిబిడ్డలన్నాడు (1 కొరింతీ 3:1-4). గురువును ప్రేమించడం మంచిదే. ఆయన వెళ్లగానే విశ్వాసం కూడా ఆయన సామానుతో లారీ ఎక్కితే, ఆ ప్రేమ ఎవరి మీద?

అయితే తగవే లేని విచారణ ఆరోగ్యకరమైనదని అనుకోకండి. తగవు లేని ఇల్లు ఒక్కొక్కప్పుడు నోరెత్తనివ్వని ఇల్లు. యెరూషలేములోని తొలి సంఘంలోనే తగవు వచ్చింది. రోజువారీ భోజన పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని ఫిర్యాదు (అ.కా. 6:1-6). అపోస్తలులు దానిని కప్పిపుచ్చలేదు, ఫిర్యాదు చేసినవారిని ద్రోహులనలేదు. అందరినీ పిలిచి, నమ్మకస్తులైన ఏడుగురిని సంఘమే ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే! అన్యాయం జరిగిందన్న వర్గానికే పంపకం అప్పగించినట్లయింది. ఈ పని ఈనాడు ఎన్ని విచారణలు చేయగలవు?

ఈ మాట ఎందుకు ఎత్తానో మీకు అర్థమయ్యే ఉంటుంది. మన గుళ్లలో ఏ పేట వారు ఎక్కడ కూర్చుంటారు, పాత్రబల్ల దగ్గర ఎవరి పిల్లలు సేవ చేస్తారు, సమాధుల స్థలంలో ఎవరిది ఏ మూల అన్నవి పైకి ఎవరూ మాట్లాడరు, కాని అందరికీ తెలుసు. శ్రీసభలో కులవివక్ష ఉన్నదని ఒప్పుకొని, దానిని పాపమని చెబుతూ భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత కొరకు ఒక విధానపత్రం విడుదల చేసింది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినలు అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినలు, దళితులలో మొదటి కార్డినలు. మనమంతా మిఠాయిలు పంచుకున్నాం. కాని రోములో ఎర్రటోపీ పెట్టినంత మాత్రాన మన పల్లెలో బెంచీ మారదు. ప్రభువు విందులో కొందరు తిని త్రాగి మత్తెక్కుతుంటే మరికొందరు ఆకలితో ఉన్నారని విన్నప్పుడు, మీరు జరుపుతున్నది ప్రభువు భోజనం కానే కాదని పౌలు తెగేసి చెప్పాడు (1 కొరింతీ 11:20-22). పూజ జరిగిందా అన్నది ఒక ప్రశ్న. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది దానికి అతికి ఉన్న ప్రశ్న.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు తనతో పాటు ఇతరులను పంపాడు (2 కొరింతీ 8:18-21). పౌలంతటివాడే తన మాట చాలునని అనుకోలేదు. ప్రతి విచారణలోనూ ఆర్థిక వ్యవహారాల సంఘం ఉండి తీరాలని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతున్నది (చట్టం 537). లెక్క అడగడం తిరుగుబాటు కాదు, చెప్పడం దిగజారడం కాదు.

గుడి గోడ బయట ఏమి జరుగుతున్నదో కూడా చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలినప్పుడు చెట్టు ఏ మతం వాడిదని గాలి అడగలేదు. బియ్యం పంచేటప్పుడు మనం అడిగామా? పని వెదుక్కుంటూ హైదరాబాదుకో మద్రాసుకో వెళ్లిపోయిన కుటుంబాల ముసలివారు మన పల్లెల్లో ఒంటరిగా ఉన్నారు. వారికి మందు తెచ్చేదెవరు?

ఈ ఆదివారం మీ ఇంటిలో భోజనాలయ్యాక ఒక పని చేయండి. మీ వీధిలో, ఒకప్పుడు గుడికి వచ్చి ఇప్పుడు రావడం మానేసిన కుటుంబం ఒకటి ఉంటుంది. వారు ఎప్పటి నుండి రావడం లేదో, ఎందుకు మానేశారో ఇంటిలో అందరినీ అడగండి. ఎవరికీ తెలియకపోతే ఆ సంగతి గురువుగారితో చెప్పి ఊరుకోకండి. సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని మీరే వెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని, బాగోగులు అడిగి రండి. గుడి మాట వాళ్లు ఎత్తితే తప్ప మొదటిసారి మీరు ఎత్తనక్కరలేదు.