ఖాకీ నుంచి పార్లమెంటుకు: గోరంట్ల మాధవ్ ఉదంతం

గ్రూప్స్, ఎస్సై అభ్యర్థులకు: పాలిటీ + ఏపీ రాజకీయాలు

నేపథ్యం: ఫ్యాక్షన్ కక్షలతో దశాబ్దాల పాటు నెత్తురోడిన అనంతపురం జిల్లాలో మాధవ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్. 2018లో తాడిపత్రి ఆశ్రమ వివాదం సందర్భంగా ఎంపీ జేసీ దివాకర్‌రెడ్డి పోలీసులను కించపరిచారంటూ, మీడియా ముందే మీసం మెలేసి హెచ్చరించారు. ఆ దృశ్యంతోనే రాష్ట్రమంతటికీ తెలిశారు.

రాజకీయం: 2019 ఆరంభంలో వైఎస్సార్‌సీపీలో చేరిక. హిందూపురం లోక్‌సభ స్థానంలో నిమ్మల కిష్టప్ప (టీడీపీ)పై గెలుపు.

చిక్కుముడి: స్వచ్ఛంద పదవీ విరమణకు ఆమోదం రాలేదు; ప్రభుత్వోద్యోగిగా ఉంటే నామినేషన్ చెల్లదు. పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లి ఊరట పొందారు. ముందుజాగ్రత్తగా భార్యతోనూ నామినేషన్ వేయించారు.

గుర్తుంచుకోండి
- లాభదాయక పదవిలో ఉంటే అనర్హత: ఎంపీకి 102(1)(ఎ), ఎమ్మెల్యేకు 191(1)(ఎ) అధికరణ.
- అర్హతకు ప్రామాణికం నామినేషన్ల పరిశీలన తేదీ: ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 36.
- ఇదే బాటలో: సీబీఐ మాజీ డైరెక్టర్ కె.విజయరామారావు (1999, ఖైరతాబాద్, మంత్రి), ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ (2021లో ఐపీఎస్‌కు వీడ్కోలు, బీఎస్పీ, తర్వాత బీఆర్ఎస్).

మాదిరి ప్రశ్న: కంచికచర్ల ఎస్సై నందిగామ అసెంబ్లీకి పోటీ చేయాలంటే?
జవాబు: పరిశీలన నాటికి ఉద్యోగ బంధం తెగిపోవాలి, వయసు 25 నిండాలి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరై ఉండాలి, నందిగామ ఎస్సీ రిజర్వుడు కాబట్టి ఆ వర్గానికి చెందాలి. చివరి షరతును చాలామంది మరిచిపోతారు.