కొత్తిమీర కట్ట

కోడలు సంతలో రెండు కట్టలు కొత్తిమీర కొన్నది. కడిగి, తడితోనే సంచిలో మూట కట్టింది. రెండు రోజుల్లో ఆకంతా కుళ్ళిపోయింది.

"డబ్బులు దండగ అయినాయి అత్తా!" అని బాధపడింది.

అత్త ఇలా చెప్పింది: "పచ్చగా, మంచి వాసన ఉన్న కట్ట చూసి కొను. పండుబారినా, పూత వచ్చినా కొనకు. తేగానే కుళ్ళిన ఆకు ఏరెయ్యి. అప్పుడే కడగకు. వేళ్ళు మునిగేట్టు గ్లాసు నీళ్ళలో నిలబెట్టి నీడన ఉంచు. రోజూ నీళ్ళు మార్చు. వండే ముందు కడుగు. కడిగాకే తరుగు."

మరుసటి సంతకు కోడలు అట్లాగే చేసింది. లేత కాడలు చారులో వేసింది. పప్పు దించాక ఆకు చల్లింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

కొత్తిమీర వాసనకే కాదు. దానివల్ల 'ఎ' విటమిన్ కూడా దొరుకుతుంది. అది కంటిచూపుకు మంచిది.

"ఈసారి ఒక్క రెబ్బ కూడా పారెయ్యలేదు అత్తా!" అని కోడలు నవ్వింది.